పాలు మానితే ఆయాసం తగ్గుతుందా?

(ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఒకరికి ఉబ్బసం అని తేలగానే ముందు ఆగిపోయేది పాలగ్లాసు. తర్వాత పెరుగు, ఆ తర్వాత అరటిపండు. డాక్టరు మానమని చెప్పకపోయినా పక్కింటివాళ్లో, అత్తగారో, పెద్దమ్మో చెబుతారు: "పాలు కఫం చేస్తాయి, పిల్లాడికి పోయొద్దు" అని. చెప్పేది ప్రేమతోనే. కానీ అలా మానేసిన పిల్లల్లో ఎక్కువమందికి ఆయాసం అలాగే ఉంటుంది, ఒంట్లోకి వెళ్లాల్సిన కాల్షియం మాత్రం తగ్గిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఉబ్బసం ఉన్నవాళ్లలో అత్యధికులకు పాలవల్ల ఊపిరితిత్తులకు ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం పాలు నిజంగానే పడవు. వాళ్లలో కొందరికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. మీ బిడ్డ ఏ కోవకి చెందుతాడో తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే మొదటివాళ్లు ఊరికే నష్టపోతారు, రెండోవాళ్లు పడాల్సినంత జాగ్రత్త పడరు.

ముందు ఉబ్బసంలో లోపల ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెబుతాను. గాలి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఏదైనా రెచ్చగొట్టినప్పుడు గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. జిగురు కూడా ఎక్కువగా ఊరుతుంది. ఈ మూడూ కలిసి దారి ఇరుకైపోతే గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. కాబట్టి పాల గురించి అడగాల్సిన ప్రశ్న ఇది: పాలు తాగితే ఈ వాపు, ఈ బిగుతు, ఈ జిగురు పెరుగుతాయా?

జిగురు సంగతితో మొదలుపెడదాం, అందరి అనుమానం అక్కడే కాబట్టి. పాలు తాగాక గొంతులో ఏదో పట్టుకున్నట్టు, మందంగా, గళ్ల చేరినట్టు అనిపిస్తుంది. ఆ అనుభవం నిజమే, కాదనడం లేదు. పాలంటే నీళ్లలో సన్నటి కొవ్వు బొట్లు తేలుతూ ఉండే ద్రవం. అది నోట్లో లాలాజలంతో కలవగానే ఆ బొట్లు ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న గుంపులవుతాయి. లాలాజలంలో ఉండే మ్యూసిన్ అనే జిగురు పదార్థం వల్ల ఇలా జరుగుతుంది. ఆ గుంపులు నాలుక మీద, గొంతు వెనక కాసేపు పూతలా నిలుస్తాయి. గుటక వేసినా పూర్తిగా పోవు. గేదె పాలు, ఆరు శాతం కొవ్వుండే ఫుల్ క్రీమ్ పాలు తాగితే ఇంకా బాగా తెలుస్తుంది. మూడు శాతం ఉండే టోన్డ్ పాలు, ఒకటిన్నర శాతం ఉండే డబుల్ టోన్డ్ పాలు తాగితే తక్కువ. ఇదంతా గొంతులో జరిగే సంగతి. పాలు పోయేది అన్నవాహికలోకి, గాలి గొట్టాల్లోకి కాదు. అక్కడ కొత్తగా కఫం పుట్టలేదు.

ఈ మాటకు రుజువేమిటని అడగాలి మీరు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. 60 మంది ఆరోగ్యవంతులకు జలుబు వైరస్ ఎక్కించి, వాళ్లు రోజుకు ఎన్ని గ్లాసుల పాలు తాగుతున్నారో రాసుకుని, చీదిన కాగితాలను తూకం వేశారు. అసలు తాగనివాళ్ల నుంచి రోజుకు 11 గ్లాసులు తాగేవాళ్ల దాకా అందులో ఉన్నారు. ఎక్కువ పాలు తాగినవాళ్లకు చీమిడి ఎక్కువ రాలేదు. "పాలు కఫం చేస్తాయి" అని నమ్మేవాళ్లు మాత్రం తమకు దగ్గు, దిబ్బడ ఎక్కువని చెప్పారు. తూకంలో ఆ తేడా కనబడలేదు. అదే బృందం 1993లో ఇంకో పని చేసింది. ఆవుపాలనీ సోయా పానీయాన్నీ కోకో, పుదీనా కలిపి, ఏది ఏదో నాలుకకు తెలియకుండా చేసి ఇచ్చింది. గొంతు మందంగా ఉంది, గుటక వేయాలనిపిస్తోంది, ఉమ్ము చిక్కబడింది అని రెండు పానీయాలు తాగినవాళ్లూ చెప్పారు. అంటే ఆ భావన పాలకే ప్రత్యేకం కాదు, అలాంటి చిక్కదనం ఉన్న దేనితోనైనా వస్తుంది.

ఇవి ఉబ్బసం లేనివాళ్ల మీద చేసినవి కదా అంటారు. ఉబ్బసం ఉన్నవాళ్ల మీద మెల్‌బోర్న్ పరిశోధకులు చేసినది 1998లో వచ్చింది. 20 మంది పెద్దవాళ్లు. వాళ్లలో సగం మంది పాలు తాగితే మాకు ఎక్కువవుతుంది అని నమ్మేవాళ్లే. 300 మిల్లీలీటర్ల పాలకు సమానమైనది ఒకసారి, పాలు లేనిది ఒకసారి, ఇచ్చేవాళ్లకూ తాగేవాళ్లకూ తెలియకుండా ఇచ్చి ఊపిరి కొలతలు తీశారు. మొత్తం మీద పాల వల్ల గాలి గొట్టాలు బిగుసుకున్నట్టు తేలలేదు. 20 మందే కదా, చిన్న అధ్యయనం కదా అంటే అవును, చిన్నదే. కానీ ఇలా మరుగున ఉంచి కొలిచిన చోట ఫలితం ఎక్కువగా ఇటువైపే వచ్చింది.

ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గొంతులో ఎప్పుడూ జిగురు ఉంటోందని బాధపడే 108 మందిని తీసుకున్నారు. పాలు లేని ఆహారం తిన్నవాళ్లు తమకు ఆ జిగురు తగ్గిందని చెప్పారు. అక్కడ లెక్కించింది వాళ్లు చెప్పిన మాటనే. పైగా వాళ్ల బాధ గొంతులోది, ఉబ్బసం కాదు. అయినా ఇందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. మీకు ఆయాసం లేకుండా గొంతులో గళ్ల మాత్రమే ఇబ్బందిగా ఉంటే, పాలు తగ్గించి చూడటంలో తప్పు లేదు. అది గొంతు సౌకర్యం కోసం చేసే పని. దాన్ని ఉబ్బసానికి వైద్యం అనుకోకండి.

ఇప్పుడు మార్కెట్లో ఏ2 పాలు అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, ఉబ్బసానికి మంచివని కూడా చెబుతున్నారు. ఆవుపాలలో బీటా కేసిన్ అనే ప్రొటీన్‌కు ఏ1, ఏ2 అని రెండు రకాలున్నాయి. ఏ1 అరిగేటప్పుడు వచ్చే ఒక ముక్క జిగురు ఊరే కణాలను ప్రేరేపించవచ్చని ఒక ఊహ ఉంది. ఊహ దగ్గరే ఆగింది. ఏ2 పాలకు మారితే ఉబ్బసం తగ్గినట్టు నమ్మదగ్గ రుజువు లేదు. మన ఒంగోలు లాంటి దేశవాళీ జాతుల పాలు ఎక్కువగా ఏ2వే, గేదె పాలూ అంతే. మన ఊళ్లలో తరతరాలుగా ఆ పాలే తాగుతున్నా ఉబ్బసం ఉంది. ఆ అదనపు డబ్బుతో ఇన్‌హేలర్‌కి ఒక స్పేసర్, అంటే మందు సరిగా పీల్చడానికి తగిలించే గొట్టం, కొనండి, పిల్లాడికి మేలు జరుగుతుంది.

ఇక నిజంగా ప్రమాదం ఉన్నవాళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పాల ఎలర్జీ అంటే పాలలోని ప్రొటీన్‌ను ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడటం. పసిపిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. ఎక్కువమందికి బడి వయసు దాటేలోపు పోతుంది. పాలు పడక కడుపు ఉబ్బరం, విరేచనాలు అవడం వేరే సంగతి. అది పాలలోని లాక్టోస్ అనే చక్కెర అరగకపోవడం. దానికీ ఊపిరితిత్తులకీ సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపేసి "మావాడికి పాలు పడవండీ" అని ఒకే మాటగా చెబుతుంటారు. డాక్టరుకు చెప్పేటప్పుడు పడకపోవడం అంటే ఏం జరిగిందో విడమరిచి చెప్పండి.

ఎలర్జీకి గుర్తులు ఇవి. పాలు తాగిన కొన్ని నిమిషాల నుంచి రెండు గంటలలోపు వస్తుంది. ఒంటిమీద దద్దుర్లు, పెదవులూ కళ్లూ వాయడం, వాంతులు, నోట్లో దురద వస్తాయి. వీటితో పాటు దగ్గు, పిల్లికూతలు రావచ్చు. దాదాపు తాగిన ప్రతిసారీ వస్తుంది. పెరుగన్నం తిన్నా, పాలకోవా తిన్నా వస్తుంది. చర్మం మీద గానీ పొట్టలో గానీ ఏమీ లేకుండా ఒక్క ఆయాసం మాత్రమే పాల ఎలర్జీ వల్ల రావడం అరుదు. కాబట్టి "నిన్న రాత్రి పాలు తాగాడు, ఈ రోజు సాయంత్రం దగ్గు మొదలైంది" అంటే పాల మీద నేరం మోపడానికి అది చాలదు.

పాల ఎలర్జీ ఉండి ఉబ్బసం కూడా ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎలర్జీ ఒళ్లంతా ఒకేసారి విరుచుకుపడే స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. ఉబ్బసం అదుపులో లేని పిల్లల్లో అది ఊపిరి మీదికి వస్తుంది. బ్రిటన్‌లో 1992 నుంచి 2018 వరకు లెక్కలు తీస్తే, బడి వయసు పిల్లల్లో ఆహార ఎలర్జీతో జరిగిన 66 మరణాల్లో 17 ఆవుపాల వల్లే. వేరుశనగ, జీడిపప్పు లాంటివాటిలో ఏ ఒక్కదానికన్నా పాలే ఎక్కువ ప్రాణాలు తీశాయి. పాలంటే అందరికీ అమాయకమైన పదార్థంగా కనిపించడం కూడా ఇందుకు ఒక కారణమే.

అలాంటి పిల్లాడికి దద్దుర్లతో పాటు ఊపిరి ఇబ్బంది మొదలైతే మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి. వైద్య సిబ్బందికి ఇది తెలుసు. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్క. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంపూల్ అయితే 15 కిలోల పిల్లాడికి 0.15 మిల్లీలీటరు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఆయాసం కనబడగానే నెబ్యులైజర్ పెట్టి కూర్చుంటారు, లేదా సిరప్ పోసి చూద్దాంలే అంటారు. నెబ్యులైజర్ గాలి గొట్టాలను తెరుస్తుంది గానీ గొంతు వాపును, పడిపోతున్న రక్తపోటును ఆపదు. అడ్రినలిన్ తర్వాతే మిగతావన్నీ. ఇంట్లో ఉన్నప్పుడు 108కి ఫోన్ చేయండి. పిల్లాణ్ని నిలబెట్టి నడిపించకండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి, కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. తగ్గిపోయినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉంచి గమనించాల్సిందే.

పాల ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇంట్లో సహజంగా తోచే ఉపాయాలు కొన్ని పనిచేయవు. ఆవుపాలు పడకపోతే మేకపాలు పోద్దామంటారు. ఆ ప్రొటీన్లు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆవుపాలు పడనివాళ్లలో 90 శాతానికి పైగా మేకపాలూ పడవు. గేదె పాలదీ దాదాపు అదే దారి. బాగా మరిగిస్తే పోతుందనుకుంటారు. పొయ్యి మీద మరిగిస్తే కేసిన్ చెక్కుచెదరదు. పెరుగు, మజ్జిగ చేసినా అది అందులోనే ఉంటుంది. నెయ్యిలో ప్రొటీన్ చాలా తక్కువే గానీ పూర్తిగా ఉండదని చెప్పలేం. ఓవెన్‌లో గోధుమపిండితో కలిసి చాలాసేపు కాలిన కేకులోని పాలు మాత్రం ఈ పిల్లల్లో ఎక్కువమందికి పడతాయి. కానీ అది కూడా ఆసుపత్రిలో తినిపించి చూశాకే ఇంట్లో పెట్టాలి. ప్యాకెట్ల మీద ఎలర్జీ పదార్థాల వరుసలో పాలు ఉన్నాయేమో చూడండి. అలా రాయాలని మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ఉంది. వే పౌడర్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్, పాలపొడి అన్నీ పాలే. బిస్కెట్లలో, బ్రెడ్డులో, చాక్లెట్లలో ఇవి దాగుంటాయి.

ఇంకొక్కటి ఉంది, ఇది చాలామంది డాక్టర్లకు కూడా వెంటనే తట్టదు. పొడి రూపంలో పీల్చే ఇన్‌హేలర్లలో, అంటే క్యాప్సూల్ పెట్టి తిప్పి పీల్చే రకంలో, మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. దాన్ని మోసుకెళ్లడానికి లాక్టోస్ పొడి కలుపుతారు. ఆ లాక్టోస్ పాల నుంచి తీసినదే, అందులో పాల ప్రొటీన్ ఆనవాళ్లు ఉండవచ్చు. మామూలు ఉబ్బసం రోగికి దీనివల్ల ఏమీ కాదు, లాక్టోస్ అరగనివాళ్లకు కూడా ఏమీ కాదు. ఆ పరిమాణం అంత స్వల్పం. తీవ్రమైన పాల ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకు ఆ మాట ముందే చెప్పి, స్ప్రే రకం ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో వాడాలి. అందులో లాక్టోస్ ఉండదు. మందు పీల్చాక తగ్గాల్సింది పోయి దగ్గు, ఆయాసం ఎక్కువవుతున్నాయని ఎవరైనా అంటే, ముందు పీల్చే పద్ధతి సరిగా ఉందో లేదో చూడండి. పద్ధతి సరిగా ఉంటే ఈ కోణమూ గుర్తు చేసుకోండి.

సరే, ఎలర్జీ లేదు. అయినా రాత్రి పాలు తాగిన రోజున తెల్లవారుజామున ఆయాసం వస్తోందని తల్లి గట్టిగా చెబుతుంది. ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ రాత్రి గదిని చూడాలి. తొమ్మిదింటికి పాలు, అదే తొమ్మిదింటికి దోమల కాయిల్. తలుపులు మూసి, ఫ్యాను వేసి, పిల్లాడి మంచానికి మూరెడు దూరంలో అది ఆరేడు గంటలు కాలుతుంది. దిండు, పరుపు ఏళ్ల తరబడి ఎండకు వేయనివి, వాటి నిండా దుమ్ము పురుగులు. పైగా ఉబ్బసం స్వభావమే రాత్రి రెండు మూడు గంటల తర్వాత పెరగడం. ఆ వేళకు ఒంట్లో హార్మోన్ల స్థాయిలు మారి గాలి గొట్టాలు సహజంగానే ఇరుకవుతాయి. కనబడే వస్తువు పాలగ్లాసు కాబట్టి నింద దానిమీద పడుతుంది. ముందు కాయిల్ తీసేసి దోమతెర కట్టండి. సాంబ్రాణి, అగరొత్తులు పిల్లాడు ఉన్న గదిలో వద్దు. రెండు వారాలు చూసి అప్పుడు పాల గురించి ఆలోచించండి.

ఇంకో కారణం కూడా ఉంటుంది. పాలు తాగి వెంటనే పడుకుంటే పుల్లటి ద్రవం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది, అది ఉబ్బసాన్ని రెచ్చగొట్టగలదు. కొవ్వు ఎక్కువున్న పాలు పొట్టలో ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువవుతుంది. దీనికి మందు పాలు మానడం కాదు, వేళ మార్చడం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు, అంటే రాత్రి భోజనంతోనో, లేకపోతే సాయంత్రం బడి నుంచి రాగానేనో ఇవ్వండి. పసివాళ్లకు పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం ఇంకా చెడ్డ అలవాటు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి కాసిని పాలు పోతే పిల్లికూతలు, దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా కూడా వస్తాయి. పాలు పట్టేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి, పట్టాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. ఏడాదిలోపు పిల్లలకు తల్లిపాలే ముఖ్యం. తల్లికి ఉబ్బసం ఉన్నా, ఆమె ఇన్‌హేలర్లు వాడుతున్నా పాలివ్వవచ్చు, ఇవ్వాలి.

పాలలో ఏం కలుపుతున్నారో కూడా చూడండి. బాదం పాలు తాగితే వచ్చింది అంటే అది బాదమో పిస్తానో కావచ్చు. మాల్ట్ పొడి కలిపితే అందులో గోధుమ, బార్లీ ఉంటాయి. పాడి పశువులున్న ఇళ్లలో పాలకన్నా గడ్డివాము దుమ్ము, పశువుల చర్మం నుంచి రాలే పొట్టు, పిడకల పొగ ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పాలు పితికాక ఆయాసం వస్తే అది పాలవల్ల కాదు, కొట్టంలో గాలివల్ల.

పచ్చిపాలు తాగితే ఉబ్బసం రాదనే ప్రచారం కూడా ఉంది. దాని వెనక ఒక నిజం ఉంది. యూరప్‌లో పొలాల్లో పెరిగే పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో, కాచని పాలు తాగేవాళ్లలో ఉబ్బసం తక్కువగా కనిపించింది. కాచిన పాలకు ఆ సంబంధం కనిపించలేదు. కానీ పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, పశువుల నుంచి వచ్చే క్షయ, విరేచనాల జబ్బులు వస్తాయి. ఉబ్బసం ఇప్పటికే ఉన్నవాళ్లకు పచ్చిపాలు మందు అని ఎవరూ తేల్చలేదు. మన దగ్గర పాలు కాచే తాగాలి, ఇందులో మినహాయింపు లేదు. పసుపు పాలు తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, తాగండి. అవి ఇన్‌హేలర్‌కి బదులు కావు.

ఇప్పుడు తేల్చుకోవడం ఎలాగో చెబుతాను.

దద్దుర్లు, వాపు, వాంతులు, వెంటనే ఆయాసం, వీటిలో ఏది జరిగి ఉన్నా ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకండి. ఎలర్జీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష చేస్తారు. అందులో మూడు మిల్లీమీటర్లు, అంతకు మించి బొబ్బ వస్తే పాజిటివ్ అంటారు. సెట్రిజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ పరీక్షకు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే తప్పుడు ఫలితం వస్తుంది. రక్తంలో పాలకు సంబంధించిన ఐజీఈ, అంటే ఎలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ, కూడా చూస్తారు. ఈ రెండూ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. నిజంగా తాగినప్పుడు ఏం జరుగుతోందో దానితో కలిపి చదవాలి. అనుమానం మిగిలితే ఆసుపత్రిలోనే, అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, 0.1 మిల్లీలీటరు లాంటి అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి 20, 30 నిమిషాలకోసారి పెంచుతూ 100 మిల్లీలీటర్ల దాకా తాగించి చూస్తారు. ఆ రోజుకు ఉబ్బసం అదుపులో ఉండాలి. వంద ఆహారాలకు ఒకేసారి ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీ చూస్తాం అని వేలు తీసుకునే పరీక్షలు ఉన్నాయి. వాటికి డబ్బు పెట్టకండి. ఐజీజీ ఉండటం అంటే ఆ ఆహారం మీరు తిన్నారని మాత్రమే అర్థం.

అలాంటి గుర్తులేమీ లేవు, ఒట్టి అనుమానమే అయితే ఐదారేళ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు ఇంట్లోనే చూసుకోవచ్చు. డాక్టరుతో ఒక మాట చెప్పి పీక్ ఫ్లో మీటర్, అంటే గాలి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పరికరం, కొనండి. నిలబడి, గుండెల నిండా గాలి తీసుకుని, పెదవులు బిగించి, ఒక్క ఊపులో బలంగా ఊదాలి. మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మందు పీల్చకముందు. మొదటి వారం అంతా మామూలుగా, పాలతోనే. తర్వాత రెండు వారాలు పాలు, పెరుగు, అన్నీ మానేసి. తర్వాత రెండు వారాలు మళ్లీ తాగుతూ. ఈ ఐదు వారాలూ ఇన్‌హేలర్ మోతాదు మార్చకూడదు. జలుబు చేస్తే ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. పాలు తాగే రోజుల్లో అంకె 20 శాతం, అంతకు మించి పడిపోతూ, మానినప్పుడు లేస్తూ ఉంటే, ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి రండి. ఉదాహరణకు 250 ఊదే పిల్లాడు 200కు దిగితే అది 20 శాతం. తేడా లేకపోతే పాలు నిర్దోషి, హాయిగా పోయండి.

ఈ లెక్క తప్పేది ఎక్కడో చూడండి. డాక్టరు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాసిన రోజే ఇంట్లో పాలు కూడా మానేస్తారు. ఇన్‌హేలర్ పనిచేయడం ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. పిల్లాడు కోలుకుంటాడు. ఘనత పాలు మానడానికి వెళ్తుంది. నెల తిరిగేసరికి "పాలు మానాం కదా, ఇక మందెందుకు" అని ఇన్‌హేలర్ ఆపేస్తారు. లోపలి వాపు మళ్లీ మొదలై, వానాకాలంలో మొదటి జలుబుకే పిల్లాడు ఆసుపత్రిలో చేరతాడు. పాల మీద నమ్మకంలో నాకు భయం కలిగించేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఉబ్బసంతో 4,55,000 మంది చనిపోయారు. వాళ్లలో చాలామందికి అందాల్సిన పీల్చే స్టెరాయిడ్ అందలేదు, లేదా వాడలేదు.

తామర (ఎగ్జిమా) ఉన్న పసిపిల్లలకు ఇంకో హెచ్చరిక. వాళ్లకు నెలల తరబడి పాలు మాన్పించి, ఒకరోజు మళ్లీ పోస్తే, ఇంతకుముందు లేని తీవ్ర ఎలర్జీ బయటపడవచ్చు. క్రమంగా తాగుతూ ఉంటే ఒళ్లు అలవాటు పడి ఉంటుంది, మాన్పిస్తే ఆ అలవాటు పోతుంది. అందుకే అనుమానం మీద పాలు మాన్పించే పని ఆ పిల్లల్లో డాక్టరు చెప్పకుండా చేయకండి.

మానాల్సిందే అని తేలినవాళ్లు కాల్షియం లెక్క చూసుకోవాలి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 650 మిల్లీగ్రాములు, పది నుంచి పన్నెండేళ్లకు 850, పెద్దలకు 1000 కావాలి. పావులీటరు ఆవుపాలలో సుమారు 300 ఉంటుంది. అది పోతే 50 గ్రాముల రాగిపిండి, అంటే ఒక మంచి గ్లాసెడు జావకి సరిపడేది, సుమారు 180 ఇస్తుంది. పది గ్రాముల నువ్వులు వందకు పైగా. 50 గ్రాముల మునగాకు సుమారు 150. చిన్న చేపలు ముళ్లతో సహా తినేవాళ్లకు అదొక మంచి దారి. సోయా పాలు కొంటే కాల్షియం కలిపినదో కాదో ప్యాకెట్ మీద చూడండి. కొబ్బరిపాలు పాలకు బదులు కావు. ఆయాసం కోసం స్టెరాయిడ్ మాత్రలు పదే పదే మింగాల్సి వచ్చేవాళ్లకు ఎముకలు పలచబడతాయి. వాళ్లే పాలు మానేస్తే దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది.

ప్రశ్నలు అడగండి.

(ఒక తల్లి: మా పాపకు చల్లటి పాలు తాగితే దగ్గొస్తుందండీ. వేడివి తాగితే రాదు.)

అమ్మా, అయితే మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. వేడివి తాగితే రావడం లేదు కాబట్టి పాలు కారణం కాదు, చల్లదనం. ఉబ్బసం ఉన్న కొందరికి ఐసు, చల్లటి పానీయాలు తగిలితే దగ్గు వస్తుంది. గోరువెచ్చగా ఇవ్వండి. అయితే చల్లటి వాటికి ఊరికే దగ్గు వస్తోందంటే ఉబ్బసం పూర్తిగా అదుపులో లేదని కూడా అర్థం కావచ్చు. ఇన్‌హేలర్ వాడే పద్ధతి ఈసారి డాక్టరుకు చేసి చూపించండి.

(ఒక ఆశా కార్యకర్త: ఇన్‌హేలర్ పీల్చిన వెంటనే పాలు ఇస్తున్నారండీ చాలామంది. నాలుక తెల్లగా ఉంటే పాల వల్లే అంటున్నారు.)

చాలా మంచి విషయం అడిగారు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక కొంత మందు నోట్లో, గొంతులో మిగిలిపోతుంది. దాన్ని కడగకపోతే ఫంగస్ పెరిగి నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు వస్తాయి, గొంతు బొంగురుపోతుంది. పాలు తాగితే వచ్చే తెలుపు, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఫంగస్ తెలుపు తేలిగ్గా పోదు, గట్టిగా గీకితే కింద ఎర్రగా కనిపిస్తుంది, ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది. కాబట్టి పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. పుక్కిలించలేని చిన్నపిల్లలకు రెండు గుక్కల నీళ్లు తాగించి, తడి గుడ్డతో నోరు తుడవండి. మాస్కుతో ఇస్తే ముఖం కూడా కడగండి. పాలు ఆ తర్వాతే. ఇంకా సులువైన పద్ధతి, పొద్దున పళ్లు తోమే ముందు, రాత్రి పళ్లు తోమే ముందు ఇన్‌హేలర్ ఇవ్వడం. అప్పుడు నోరు కడగడం మర్చిపోరు. రాత్రి పాలు అప్పటికే భోజనంతో అయిపోయి ఉంటాయి.